పాత ఒమేగా, రోలెక్స్ వాచీ అసలుదో కాదో మీరే తేల్చుకోవడం ఎలా?

"మా తాతగారి ఒమేగా బీరువాలో దొరికింది, ఒరిజినలేనా?" "ఎర్రగడ్డ ఆదివారం సంతలో రోలెక్స్ చూశాను, చవగ్గా ఇస్తానంటున్నాడు, తీసుకోనా?" అడిగే మనుషులు మారుతుంటారు గానీ ప్రశ్నలు ఈ రెండే. వాటితోపాటు ఒకే ఒక్క ఫొటో వస్తుంది, అదీ ట్యూబులైటు వెలుగు గ్లాసు మీద తళుక్కుమంటూ. అలాంటి ఫొటో చూసి ఎవరైనా "ఒరిజినలే" అన్నారంటే ఆ మాట పట్టించుకోకండి.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: వద్దు. మొదటిదాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

మన హైదరాబాద్‌లో జనం పూర్తి నకిలీ వాచీల వల్ల మోసపోవడం తక్కువే. ఎక్కువ నష్టం చేసేవి వేరే. ఒకటి, పాత డయల్ మీద కొత్తగా రంగు వేసి మళ్లీ అచ్చు కొట్టినది. రెండు, మూడు నాలుగు వాచీల భాగాలు కలిపి కూర్చిన అతుకుల వాచీ. మూడు, పాలిష్ పెట్టీ పెట్టీ ఆకారం పోగొట్టుకున్నది. వీటిలో మిషన్ (వాచీని నడిపే లోపలి యంత్రం) నిజంగానే స్విస్‌ది అయ్యుండొచ్చు, పేరూ నిజమే కావొచ్చు. అందుకని "ఇది ఒమేగానేనా" అని చూస్తే సరిపోదు. డయల్, ముళ్లు, కేసు (బయటి లోహపు డబ్బా), మిషన్ ఒకే వాచీలో పుట్టి ఇప్పటిదాకా కలిసే ఉన్నాయా అని చూడాలి.

కావలసినవి

- పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్. నగల పనివాళ్లు వాడేదే చాలు. ఇది లేకుండా బయల్దేరకండి.
- దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి.
- దగ్గరి ఫొటోలు బాగా తీసే ఫోను, వాచీ టిక్‌టిక్‌ని విని వేగం చెప్పే ఒక యాప్.
- కొలతలు తీసే డిజిటల్ వెర్నియర్, మెత్తటి గుడ్డ.
- అన్నిటికంటే ముఖ్యం, మీ ఎదురుగా వెనక మూత తీసి చూపించే మెకానిక్. ఆబిడ్స్, సుల్తాన్ బజార్, పత్తర్‌గట్టి వైపు దశాబ్దాలుగా ఇదే పనిలో ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు ఒక మామూలు హెచ్‌ఎంటీ సర్వీసింగ్‌కి ఇచ్చి పని చూడండి. గీతలు పడకుండా, స్క్రూల తలలు చెదరకుండా తిరిగిస్తే అప్పుడు ఖరీదైన వాచీ పట్టుకెళ్లండి.

మూత తీసే పనిముట్లు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి. నేర్చుకునేదాకా వాటి జోలికి పోకండి. ముఖ్యంగా 1960ల ఒమేగా సీమాస్టర్ డి విల్ లాంటి కొన్ని వాచీలకు వెనక మూతే ఉండదు. కేసంతా ఒకే ముక్క. గ్లాసు తీసి పైనుంచి మిషన్ బయటికి తీయాలి. అది తెలియక వెనకాల కత్తి పెట్టి పెకిలించిన గాట్లతో ఎన్ని వాచీలు కనపడతాయో!

1. ముందు ఒక్క మోడల్ ఎంచుకోండి

అన్ని బ్రాండ్ల గురించీ కొంచెం కొంచెం తెలిసినవాడే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటాడు. ఒక కుటుంబం పట్టుకోండి. ఉదాహరణకు 1950లు, 60ల ఒమేగా కాన్‌స్టెలేషన్, లేదా రోలెక్స్ డేట్‌జస్ట్ 1601. ఫిలిప్స్, క్రిస్టీస్, సోథ్‌బీస్, యాంటికోరం లాంటి వేలం సంస్థల పాత క్యాటలాగుల్లో ఆ మోడల్ ఫొటోలు వెతికి ఫోనులో ఒక ఫోల్డరు చేసుకోండి. డయల్ మీద అక్షరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయి, ముల్లు ఎంత దూరం వెళుతుంది, చెవుల (బెల్టును పట్టి ఉంచే కేసు కొమ్ముల) అంచులు ఎలా ఉంటాయి అనేవి కంటికి అలవాటు కావాలి. బజారుకు ఆ తర్వాతే.

లగ్జరీ వాచీతోనే మొదలుపెట్టాలని లేదు. హెచ్‌ఎంటీ జనతా, పైలట్ మీద కన్ను పదును పెట్టుకోండి. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల తయారీని 2016లో ప్రభుత్వం మూసేయాలని నిర్ణయించాక వాటికి గిరాకీ పెరిగింది. గిరాకీతోపాటు చిలకాకుపచ్చ, నారింజ, ముదురు ఎరుపు డయళ్ల "అరుదైన పైలట్లు" కూడా పుట్టుకొచ్చాయి. వాటిని పట్టుకోవడం వస్తే ఒమేగాలనూ పట్టుకోగలరు. ఫావర్ లూబా సీ కింగ్, సీ చీఫ్‌లకూ ఇదే జబ్బు.

2. ఎక్కడ వెతకాలి

మొదట మీ చుట్టాల ఇళ్లు. నేను నవ్వులాటకు అనడం లేదు. ఒకే ఇంట్లో ఉండిపోయిన వాచీకి భాగాలు మారే అవకాశం తక్కువ. గల్ఫ్‌కి వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో రాడో డయాస్టార్లు, అప్పుడప్పుడు రోలెక్స్, ఒమేగా దొరుకుతాయి. రాడో అయితే డయల్ మీద లంగరు గుర్తు చూడండి. ఆటోమేటిక్ (చేతి కదలికకే చావి ఎక్కే) మోడళ్లలో అది వాచీని వంచినప్పుడు అటూ ఇటూ తిరగాలి. అతికించినట్టు బిగుసుకుపోయి ఉంటే సర్వీసింగ్ లేక కావొచ్చు, డయల్‌తో ఎవరో ఆడుకుని ఉండొచ్చు. తెరిచి చూడాల్సిందే.

తర్వాత పాత మెకానిక్కులు. వాళ్ల డబ్బాల్లో ఏముందో ఎవరికీ చెప్పరు, నాలుగుసార్లు వెళ్లి చాయ్ తాగితే గానీ సొరుగు తెరవరు. పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్, ఎర్రగడ్డ సంత చూడ్డానికి సరదాగానే ఉంటాయి, విడిభాగాలూ బెల్టులూ దొరుకుతాయి. కానీ అక్కడ లగ్జరీ వాచీ కొనకండి. అసలుది కాకపోతే డబ్బు పోతుంది. అసలుదే అయితే అది ఎవరి చేతి నుంచి పోయి అక్కడికొచ్చిందో తెలియదు. దొంగసొత్తని తెలిసి కొంటే మీరూ కేసులో ఇరుక్కుంటారు.

"నవాబు సాబ్ దేవిడీ నుంచి వచ్చింది" అనే మాట ఈ ఊళ్లో తప్పకుండా వింటారు. వినండి, బాగుంటుంది. కాగితం, ఫొటో, చెక్కిన పేరు లాంటి రుజువు లేకపోతే ఆ కథకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ కట్టకండి. డయల్ మీద ఒమన్ ఖంజర్ (వంపు తిరిగిన బాకు గుర్తు) లాంటి రాజముద్రలు కనపడితే ఇంకా జాగ్రత్త, వాటికి ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి కొత్తగా అచ్చు వేసేవాళ్లూ ఎక్కువే.

3. డయల్ చూడండి, తీరిగ్గా

విలువలో పెద్ద వాటా డయల్‌దే. అందుకే ఎక్కువ మోసమూ ఇక్కడే. వాచీని కిటికీ దగ్గర పగటి వెలుతురులోకి తీసుకెళ్లి లూప్‌తో ఈ వరసలో చూడండి.

అక్షరాలు: కంపెనీ అచ్చులో గీతలు ఒకే మందంలో, అంచులు కోసినట్టు ఉంటాయి. సిరా కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. రంగు వేయించిన డయల్ మీద అక్షరాల అంచులు పాకినట్టు, ఒక చోట లావుగా ఒక చోట సన్నగా ఉంటాయి. "ఆటోమేటిక్" అనే వరస పేరుకు సరిగ్గా మధ్యలోకి రాదు. మీ ఫోల్డరులోని ఫొటోతో ఒక్కో అక్షరం పోల్చండి.

ఆరు అంకె కింద: "స్విస్ మేడ్" అనే చిన్న అక్షరాలు చాలా మోడళ్లలో డయల్ చివరి అంచున ఉంటాయి, సగం గ్లాసు అంచు కిందికి పోయినట్టు. మళ్లీ అచ్చు కొట్టేవాళ్లు వాటిని మర్చిపోతారు, లేదా పైకి జరిపేస్తారు.

నిమిషాల గీతలు: అతికించిన గంట గుర్తుల మధ్యగీత, దాని ఎదుటి నిమిషపు గీత ఒకే వరసలో ఉండాలి. పన్నెండు దగ్గర సరిపోయి, నాలుగు దగ్గరో ఎనిమిది దగ్గరో తప్పుతున్నాయంటే అది చేత్తో చేసిన పని.

లోహపు గుర్తులు: చాలా కాన్‌స్టెలేషన్, సీమాస్టర్ డయళ్ల మీద ఒమేగా గుర్తు లోహంతో చేసి అతికించినది. ఆ మోడల్‌కి అతికించిన గుర్తు ఉండాల్సిన చోట అచ్చు గుర్తు ఉంటే సందేహం అక్కర్లేదు. గుర్తుల మొదట్లో రంగు పేరుకుపోయి ఉందా, తేదీ కిటికీ అంచుల మీద రంగు మందంగా కారిందా చూడండి. చిన్న సెకన్ల ముల్లు తిరిగే గుండ్రటి భాగంలో సన్నటి వలయాల్లాంటి గాళ్లు ఉంటాయి. మళ్లీ రంగు వేస్తే అవి పూడిపోతాయి.

వయసు: కేసంతా గీతలు, మూలలు అరిగిపోయి, డయల్ మాత్రం నిన్న అచ్చయినట్టుందా? పాత ఇంటికి పండక్కి సున్నం కొట్టినట్టుంటుంది ఆ మెరుపు. డయల్ మీద మచ్చలు, పసుపు తిరగడం, సన్నటి పగుళ్లు తప్పు కాదు. మచ్చలున్న అసలు డయల్‌కి, మెరిసే కొత్త అచ్చుకి మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఆలోచించకుండా మచ్చలున్నదే తీసుకోండి. ఒకటే మినహాయింపు: మచ్చలు తుప్పు రంగులో అంచుల నుంచి లోపలికి పాకుతుంటే నీళ్లు పోయినట్టు, మిషన్ కూడా తుప్పు పట్టి ఉంటుంది.

ఇంకా అనుమానం తీరకపోతే, మెకానిక్ చేత డయల్ ఊడదీయించి వెనకవైపు చూడొచ్చు. డయల్ కాళ్లకు కొత్తగా మాటు వేసి ఉన్నా, వెనక గోకి అంకెలు రాసి ఉన్నా అది ఒకసారి పనివాడి చేతికి వెళ్లొచ్చినట్టే. అమ్మేవాడు దీనికి ఒప్పుకోవడం కష్టం. మరీ ఖరీదైనదైతే పట్టుబట్టండి.

4. రేడియం, ట్రిటియం, ముళ్లు

చీకట్లో వెలిగే రంగు ఉన్న వాచీ అయితే ఇది బాగా పనికొచ్చే పరీక్ష. 1960ల మొదటి ఏళ్ల వరకు రేడియం వాడారు, తర్వాత ట్రిటియం. ట్రిటియం వాడిన చాలా డయళ్ల అడుగున "స్విస్" అనే మాటకు అటూ ఇటూ టీ అనే అక్షరం ఉంటుంది. ట్రిటియం సగం ఆయుష్షు (అది సగానికి తగ్గే కాలం) 12.3 ఏళ్లు, కాబట్టి 1970ల వాచీలో దాని శక్తి దాదాపు అడుగంటింది, తనంతట తాను వెలగదు.

గదిలో లైటు తీసి యూవీ టార్చి వేయండి. పాత రంగు టార్చి ఉన్నంతసేపు కాస్త వెలిగి, తీయగానే కొన్ని సెకన్లలో ఆరిపోతుంది. టార్చి తీశాక కూడా పచ్చగా నిమిషాల తరబడి వెలుగుతుంటే అది 1990లలో వచ్చిన కొత్త రకం రంగు, ఎవరో పూశారు. డయల్ చుక్కలు ఒకలా, ముళ్లు ఇంకోలా వెలిగితే ముళ్లు మార్చారు.

ముళ్ల పొడవు కూడా చూడండి. నిమిషాల ముల్లు చాలా మోడళ్లలో నిమిషాల గీతలను తాకాలి. అక్కడిదాకా రాక మధ్యలో ఆగిపోతే అది వేరే వాచీది.

హెచ్చరిక: రేడియం సగం ఆయుష్షు దాదాపు 1,600 ఏళ్లు. వెలుగు పోయినా రేడియం పోలేదు. ఆ డయల్‌ని గోకడం, ఊదడం, ఇంట్లో భోజనాల బల్ల మీద విప్పడం చేయొద్దు. పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడమే అసలు ప్రమాదం. పిల్లలకు ఆడుకోవడానికి అసలే ఇవ్వొద్దు.

5. కేసు, చావి, గ్లాసు

చెవుల అంచులు పదునుగా ఉన్నాయా? నాలుగు చెవులూ ఒకే మందంలో ఉన్నాయా? పాలిష్ చక్రం మీద పెట్టిన వాచీకి మూలలు సబ్బు ముక్కలా గుండ్రబడతాయి, పక్కల నుంచి చూస్తే బెల్టు పిన్ను రంధ్రాలు అంచుకు మరీ దగ్గరగా వచ్చేస్తాయి. పోయిన లోహం తిరిగి రాదు.

కాన్‌స్టెలేషన్ అయితే వెనక మూత మీద వేధశాల, పైన ఎనిమిది నక్షత్రాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి అరిగి నున్నబడితే ధర తగ్గించి మాట్లాడండి. ఆ కాలపు చాలా కాన్‌స్టెలేషన్లకు చావి (పక్కన తిప్పే బొడిపె) పది పలకలది. ఇప్పుడు మామూలు గుండ్రటిది ఉంటే అది ఎప్పుడో మార్చినది. చావి మారడం పెద్ద నేరం కాదు, మారిందని తెలిసి కొనాలి. అసలు ఒమేగా ప్లాస్టిక్ గ్లాసు మధ్యలో లోపలివైపు సూదిమొనంత ఒమేగా గుర్తు ఉంటుంది, లూప్‌తో వెతికితే గానీ కనపడదు. గ్లాసులు పగిలితే మార్చడం మామూలే కాబట్టి గుర్తు లేనంత మాత్రాన వాచీని పక్కన పెట్టకండి.

రోలెక్స్ ఆయిస్టర్ (నీళ్లు చొరని కేసు ఉన్న రకం) వాచీలకు పాత రోజుల్లో వెనక మూత బయటివైపు సాధారణంగా నున్నగా ఉంటుంది. 1970ల డేట్‌జస్ట్ అని చెప్పి వెనక అద్దంలోంచి మిషన్ చూపిస్తుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

బంగారం విషయంలో తొందరపడకండి. 1995కి ముందరి స్విస్ 18 క్యారెట్ల కేసు మీద హెల్వెషియా అనే స్త్రీ తల ముద్ర, 14 క్యారెట్లయితే ఉడత ముద్ర ఉంటాయి. "20 మైక్రాన్లు" అని ఉంటే అది పూత. నగల దుకాణంలో ఎక్స్‌రే యంత్రం మీద పెడితే తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ యంత్రం పైపొరనే చదువుతుంది, మందమైన పూత దానికి బంగారంలాగే కనపడొచ్చు. ముద్రలు, బరువు, చెవుల మూలల్లో పూత అరిగి వేరే రంగు బయటపడిందా అనేవి కలిపి చూడాలి. ఆసిడ్ పరీక్ష మాత్రం వద్దు.

6. మూత తీయించండి

"భాయ్, పీఛే కా ఢక్కన్ ఖోల్ కే దిఖాతే క్యా?" అని అడగండి. మొహమాటపడకండి. సాకులు చెప్పి తప్పించుకునేవాడి దగ్గర కొనొద్దు. కంపెనీ సీలు పోతుందనే మాటకు అర్థం లేదు, యాభై ఏళ్ల వాచీకి కంపెనీ సీలు ఎక్కడుంటుంది?

మూత తీశాక మూడు సంఖ్యలు ఫొటో తీసుకోండి: మూత లోపలి కేసు నంబరు, మిషన్ మీది క్యాలిబర్ నంబరు (మిషన్ ఏ రకమో చెప్పేది), సీరియల్ నంబరు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి.

ఒమేగాలో 1962 నుంచి వచ్చిన కేసు నంబర్ల తీరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. 135తో మొదలైతే చేత్తో చావి ఇచ్చే మగవాళ్ల వాచీ. 165 ఆటోమేటిక్, తేదీ లేదు. 166 ఆటోమేటిక్, తేదీ ఉంది. 167, 168 క్రోనోమీటర్లు (కచ్చితత్వం పరీక్షించి ధ్రువీకరించినవి), తేదీ ఉన్నది 168. కాబట్టి మూతలో 166 అని ఉండి డయల్ మీద తేదీ కిటికీ లేకపోతే మూతో డయలో మారింది. డయల్ మీద కాన్‌స్టెలేషన్ క్రోనోమీటర్ అని ఉండి మూతలో 166.010 ఉంటే అది సీమాస్టర్ మూత. 168.005 కాన్‌స్టెలేషన్‌లో ఉండాల్సింది 561 క్యాలిబర్ (తర్వాతి వాటిలో 564), దాని మీద అయిదు స్థితుల్లో సరిచేసినట్టు ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. అక్కడ 562 ఉంటే ఎవరో సీమాస్టర్ మిషన్ దించారు.

సీరియల్ నంబరుతో ఏడాది ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఒమేగాలో కోటి నంబరు 1944 ప్రాంతంలో, కోటీ ఇరవై లక్షలు 1950 ప్రాంతంలో, కోటిన్నర 1956 ప్రాంతంలో, రెండు కోట్ల ఎనభై లక్షలు 1969-70 ప్రాంతంలో. ఒకటి రెండేళ్ల తేడాకు కంగారు పడక్కర్లేదు. కేసు 1968ది, మిషన్ 1951ది అయితే మాత్రం కలిపి కూర్చినదే. మిషన్ మీద ఓ, ఎక్స్, జీ అనే మూడు అక్షరాలు కనపడితే అది అమెరికాకు దిగుమతైన మిషన్ అని గుర్తు. అమ్మేవాడు "1960లో మా నాన్నగారు ఆబిడ్స్‌లో కొన్నది" అంటుంటే మర్యాదగా ఇంకో ప్రశ్న అడగండి.

రోలెక్స్‌కి సీరియల్, మోడల్ నంబర్లు చెవుల మధ్య కేసు పక్కన ఉంటాయి, చైను విప్పితేనే కనపడతాయి. ఆరు వైపు సీరియల్, పన్నెండు వైపు మోడల్. అసలు చెక్కుడు గీతలు పదునుగా, వెలుగు పడితే మెరుస్తాయి. ఇసకతో గోకినట్టు మసగ్గా ఉంటే నకిలీ. చైను రాపిడికి అంకెలు కొంత అరగడం సహజం. అరిగిన చోట మళ్లీ చెక్కించడం సహజం కాదు. డేట్‌జస్ట్ 1601 లోపల మిషన్ మీద 1570 అని కనపడితే భయపడకండి, తేదీ ఉన్న 1575 క్యాలిబర్ మీద కూడా 1570 అనే ముద్ర ఉంటుంది.

ఇంకో పాత ఎత్తు: రోలెక్స్ సోదర బ్రాండ్ ట్యూడర్ వాచీలకు రోలెక్స్ కేసు, రోలెక్స్ చావి వచ్చేవి, వెనక మూత మీద "కేస్ బై రోలెక్స్" అని కూడా ఉంటుంది. అందులో రోలెక్స్ డయల్ పెట్టేస్తే చాలామందికి తెలియదు. మిషన్ మీద రోలెక్స్ పేరు లేదంటే విషయం అర్థమైపోతుంది.

7. నడకను పరీక్షించండి

పూర్తిగా చావి ఇచ్చి, డయల్ పైకి పెట్టి, ఫోను యాప్‌తో వినండి. ఒమేగా 550 వరస క్యాలిబర్లు, రోలెక్స్ 1570 గంటకు 19,800 సార్లు కొట్టుకుంటాయి. పాత 30 మిల్లీమీటర్ల మిషన్ ఉన్న ఒమేగాలు 18,000. యాప్‌లో లిఫ్ట్ యాంగిల్ అనే అంకె (మిషన్‌ను బట్టి మారే కోణం) కూడా సరిచేయాలి, ఒమేగా 550 వరసకు 49. దాన్ని 52 మీదే వదిలేసి ఆంప్లిట్యూడ్ (లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, డిగ్రీల్లో) చూసి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. ఆంప్లిట్యూడ్ 250 పైన ఉంటే బాగున్నట్టు, 220 కన్నా తగ్గితే సర్వీసింగ్ ఖర్చు కలుపుకొని బేరమాడండి. రోజుకు అర నిమిషం తేడా పాత వాచీకి మామూలే. రోజుకు ఏకంగా అయిదారు నిమిషాలు ముందుకు పోతుంటే అయస్కాంతం పట్టి ఉండొచ్చు, అది క్షణంలో తీసేసే పని. ఫోనులోని దిక్సూచి దగ్గర పెట్టి సూది కదులుతుందేమో చూడండి.

నడక బాగున్నంత మాత్రాన వాచీ అసలుదని అర్థం కాదు. అతుకుల వాచీ కూడా చక్కగా నడుస్తుంది.

8. కాగితాలు

పెట్టె, గ్యారంటీ కార్డు ఉంటే మంచిదే, కానీ అవి విడిగా కూడా అమ్ముతారు. కార్డు మీది సీరియల్, వాచీ మీది సీరియల్ ఒకటేనా చూడండి.

కంపెనీ పాత రికార్డుల నుంచి ఇచ్చే పత్రం కొన్ని బ్రాండ్లకు దొరుకుతుంది. లాంజీన్స్, పాటెక్ ఫిలిప్ లాంటివాటికి సీరియల్ నంబరు పంపి తయారైన ఏడాది, మోడల్ తెలుసుకోవచ్చు. ఆ పత్రం చెప్పేది ఆ నంబరు గల వాచీని తాము తయారుచేశామని మాత్రమే. మీ చేతిలో ఉన్న డయల్, ముళ్లు అవేనని కాదు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ 2915-1 సంగతి గుర్తుంచుకోండి. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన భాగాలతో దాన్ని కూర్చారని 2023లో ఒమేగానే బయటపెట్టింది. అంత పెద్ద వేలంలో జరిగింది మన సుల్తాన్ బజార్‌లో జరగదా?

డబ్బు బ్యాంకు ద్వారానో యూపీఐతోనో ఇవ్వండి. రసీదు మీద సీరియల్ నంబరు, "డయల్ అసలుది" లేక "డయల్ మళ్లీ వేసినది" అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అదే జవాబు. విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలుపుకొని లెక్క వేయండి. ఇంకో మాట: ఇంట్లో నిజాం కాలం నాటి జేబు గడియారం దొరికి, బయటి దేశానికి అమ్ముదామనుకుంటే ఆగండి. వందేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు కావొచ్చు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

తరచూ జరిగే పొరపాట్లు

తాతగారి వాచీ దొరగ్గానే "కొత్తగా చేయించి నాన్నకు బహుమతిగా ఇస్తాను" అని పాలిష్, కొత్త డయల్ వేయించేయడం అన్నిటికంటే పెద్దది. ఇలా చేశాకే ఎక్కువమంది నన్ను అడుగుతారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. వెనకాల చెక్కిన రిటైర్మెంట్ పేరును అరగదీయించడం కూడా ఈ కోవలోదే, ఆ పేరు మీ ఇంటి చరిత్ర.

తేదీ ఉన్న వాచీకి రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య తేదీ మార్చడం రెండోది. పళ్ల చక్రం విరుగుతుంది. ముళ్లను ఆరు దగ్గరికి తెచ్చి అప్పుడు మార్చండి.

వెనకాల "వాటర్‌ప్రూఫ్" అని ఉందని చేతులు కడుక్కోవడం ఇంకోటి. ఆ రబ్బరు వాషరు వయసు మీకన్నా ఎక్కువ కావొచ్చు. వానాకాలంలో, చెమటలు కారే ఏప్రిల్, మే నెలల్లో పాత వాచీని ఇంట్లోనే ఉంచండి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో.

కొన్నాక సరిచూసుకోవడం

మొదటి వారం రోజులు ఒకే సమయానికి ఫోనుతో పోల్చి తేడా రాసుకోండి. ఒక రాత్రి డయల్ పైకి, ఇంకో రాత్రి చావి కిందికి పెట్టండి. రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువైతే బ్యాలెన్స్ పని ఉంది. ఆటోమేటిక్ అయితే వాచీని వంచినప్పుడు లోపల గరగర శబ్దం వస్తుందేమో వినండి. రోటర్ (చావి ఎక్కించే తిరుగుడు బరువు) అరిగి మూతకు తగులుతుంటే మూత లోపల గుండ్రటి గీతలు పడతాయి.

మీ ఫొటోలు, ఆ మూడు సంఖ్యలు, రసీదు ఒకచోట పెట్టి, వాచీ గురించి తెలిసిన ఇంకో ఇద్దరికి చూపించండి. ముందే "ఒరిజినల్" అని చెప్పకండి, ఏమంటారో వినండి. డయల్ మళ్లీ వేసినదని తేలితే రసీదు చూపించి తిరిగివ్వండి. తిరిగి తీసుకోకపోతే ధరలో తేడా అడగండి. అదీ కుదరకపోతే పెట్టుకోండి, మళ్లీ అమ్మేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి.

సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకండి. "పాలిష్ వద్దు, డయల్ ముట్టుకోవద్దు, ముళ్లకు రంగు వద్దు, మార్చిన పాత భాగాలన్నీ తిరిగివ్వాలి" అని కవరు మీద రాసి, సీరియల్ నంబరు వేసి, దాని ఫొటో తీసుకుని ఇవ్వండి. తెచ్చుకునే రోజు మళ్లీ మూత తీయించి, మిషన్ నంబరు అదేనా అని చూసి డబ్బులివ్వండి.